పాట ఎవరిదైతేనేం, పంపింది మనమే

విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా ఒక కొత్త వృత్తి బాగా వర్ధిల్లుతోంది. దానికి పెట్టుబడి అక్కర్లేదు, గొంతు అక్కర్లేదు, తాళజ్ఞానం అసలే అక్కర్లేదు. సినిమావాళ్ళ చెయ్యి పడని పాటని యూట్యూబులో అందరికంటే ముందు పట్టుకుని పదిమందికీ పంపడమే పని. ఈ పని చేసేవారు తమని శ్రోతలంటే ఒప్పుకోరు, ఆవిష్కర్తలనాలి. ‘వెయ్యి వ్యూలున్నప్పుడే విన్నాను’ అన్నది వీరి బిరుదు. అదే పాట పది లక్షలు దాటిందంటే ‘అబ్బే, ఇప్పుడు అందరూ వింటున్నారు’ అని పెదవి విరుస్తారు. ఆ రెండింటి మధ్యా పాటలో ఒక్క అక్షరం మారి ఉండదు, వీరి ముందువరస కుర్చీ మాత్రం పోయి ఉంటుంది. బొంకులదిబ్బ ఉన్న ఊరు కదా, గొప్పలు చెప్పుకోవడం మనకి కొత్తేం కాదు. పాపం, గిరీశం కాలానికి ఫోను లేదంతే. అయితే సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళకి ఊపిరి పోస్తున్నది మేమేనని వీరంటున్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టి, మిగతా సగాన్ని కొంచెం తట్టి చూడాలి.

నిజమైన సగం ఇది. 1919లో సంగీత కళాశాల వెలిసిన ఊరిలో, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా కూర్చున్న చోట చదువుకున్నా సరే, ఘంటసాల గొంతు ఊరూరికీ చేరాలంటే మద్రాసు రైలెక్కాల్సి వచ్చింది. ఈ ఊరి పిల్ల సుశీలకీ అంతే. ఇవాళ గజపతినగరం దాటకుండానే ఒక కుర్రాడు పాట రాసి, స్నేహితుడి ఫోనులో తీసి, సాయంత్రానికి లోకం మీదికి వదలగలడు. ఏ స్టూడియో గేటు దగ్గరా నిలబడక్కర్లేదు. ఇది చిన్న మార్పు కాదు, దీన్ని వెక్కిరించేవాడు మూర్ఖుడు. పంపేవాళ్ళే లేకపోతే ఆ పాట ఆ కుర్రాడి వీధి కూడా దాటదన్నదీ ఒప్పుకోవాల్సిందే.

చిక్కల్లా దాటేటప్పుడే వస్తోంది. పాట వీధి దాటుతోంది, పేరు వీధిలోనే ఉండిపోతోంది. 2020 సంక్రాంతికి ‘అల వైకుంఠపురములో’ సినిమాలో సిక్కోలు యాసలో ‘సిత్తరాల సిరపడు’ వచ్చింది. రాసింది విజయ్ కుమార్ భల్లా, పాడింది సూరన్న, సాకేత్. అది ఎవరి పాటని అడిగితే హీరో పేరు చెప్పేవాళ్ళు కోకొల్లలు. సినిమా సంగతి వదిలేద్దాం, అక్కడ హీరోదే రాజ్యం. ఏ సినిమా అండా లేకుండా 2021లో వచ్చిన ‘బుల్లెట్టు బండి’ మాటేమిటి? పాడింది మోహన భోగరాజు, రాసింది లక్ష్మణ్, బాణీ ఎస్‌కే బాజీ. మంచిర్యాల పెళ్ళికూతురు దానికి ఆడిన వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. ఇప్పటికీ పెళ్ళికూతురు గుర్తుంది, రాసినాయన గుర్తులేడు. 1902లో గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డుకి పాడినప్పుడు చివర్లో తన పేరు తానే చెప్పేది. పాడిందెవరో రికార్డు అచ్చువేసే జర్మనీ వాళ్ళకి తెలియాలి కదా. నూటపాతికేళ్ళు కావస్తున్నా మన యంత్రాలు ఆ ఒక్క మర్యాదా నేర్చుకోలేదు.

ఇప్పుడు తిరిగే ముక్కని ఒకసారి నిదానంగా చూడండి. నాలుగు నిమిషాల పాటలో ఇరవై సెకన్లు కోసి ఉంటాయి. పాడేవాడి గెడ్డం మీదుగా పంచినవాడి పేజీ పేరు అడ్డంగా పడి ఉంటుంది. అడుగున ‘క్రెడిట్స్: ఓనర్‌కి’ అని ఉంటుంది. ఆ ఓనరు ఎవరో, ఏ ఊరో, బతికున్నాడో లేదో! పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కట్టే ఫ్లెక్సీలో అమ్మవారు మూలన తపాలా బిళ్ళంత ఉండి, శుభాకాంక్షలు తెలిపేవారు నిలువెత్తున ఉన్నట్టే ఇదీను.

దీనికి పెద్దమనిషి తరహాలో ఒక అభ్యంతరం వస్తుంది. జానపదం ఎవరి సొత్తూ కాదు, ఊడ్పుల్లో పుట్టింది, తప్పెటగుళ్ళలో పెరిగింది, దానికి పేరేమిటి అంటారు. వినడానికి బాగుంది. అయితే ఈ ఔదార్యం పాట బీదగా ఉన్నంతకాలమే కనబడుతుంది. డబ్బు వచ్చే వేళకి దానికి హక్కుదారు పుట్టుకొస్తాడు, లేబుల్ పుట్టుకొస్తుంది, ఇంకొకరు వాడితే తీసెయ్యమని నోటీసూ వస్తుంది. పైగా జానపదమని మనం అనుకునేవన్నీ అనామకాలు కావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ కట్టారు. అది ఎంతమంది నోళ్ళలో నానిందంటే, కట్టిన మనిషి మన మధ్యే తిరుగుతున్నాడన్నది జనం మరిచారు. 2009లో ‘మగధీర’లో ఆ మాటలు వినబడితే, నన్నడక్కుండా వాడారని ఆయన నోరు తెరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయనంత పేరున్న మనిషికే ఆ గతి పడితే, ఏడొందల మంది సబ్‌స్క్రైబర్లున్న కుర్రాడి మాట ఎవరు వింటారు?

రెండో వాదన లెక్కలది. పేరు పోతే పోయింది, వ్యూలు పెరుగుతాయి కదా, వాడికి నాలుగు డబ్బులొస్తాయి కదా అంటారు. సరే, లెక్కే వేద్దాం. యూట్యూబు ప్రకటనల సొమ్ములో వాటా ఇవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. నాలుగు నిమిషాల పాటయితే మొదటినుంచి చివరిదాకా 60,000 సార్లు చూడాలన్నమాట. మన ఆవిష్కర్త గర్వంగా చెప్పుకునే ఆ వెయ్యి వ్యూలూ పూర్తిగా చూసినవే అనుకున్నా 67 గంటలు నిండవు. షార్ట్స్ ఫీడులో చూసినది ఈ గంటల్లో కలవదు. ఆ దారిన రావాలంటే 90 రోజుల్లో కోటి వ్యూలు కావాలి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ తెరమీద మొదలైతే చాలు, వేలు పైకి తోసేసినా అది వ్యూ కిందే లెక్క. అయినా సొమ్ముకొచ్చేసరికి ఆ వ్యూలు లెక్కలోకి రావు, దానికి వేరే కొలత ఉంది. ఇక వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ముక్క వెయ్యిమంది చూసినా పాడినవాడి ఖాతాలో సున్నా. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి వెయ్యి ప్లేలు రాని పాటకి పైసా లేదు. ఇంత సేవ జరుగుతున్నా పాడినవాడు పగలు మీసేవలో ఫారాలు నింపుకుంటున్నాడంటే ఆశ్చర్యమేముంది?

చివరికి మిగిలేది ఒకటే మాట. ఇదంతా సరదా, పేర్లు రాస్తే చదివేదెవరు, లింకు పెడితే నొక్కేదెవరు అంటారు. సరదా అంటే సరదాయే, దాన్ని ఎవరూ కాదనరు. సరదాకి సంగీతసేవ అని పేరు పెట్టుకోవడం దగ్గరే పేచీ. పేరు ఎవరికీ అక్కర్లేదన్నదైతే పచ్చి అబద్ధం. కోసిన ముక్క ఏది తెరిచినా దాని కింద ‘సాంగ్ నేమ్ ప్లీజ్’, ‘ఫుల్ సాంగ్ ఎక్కడుంది అన్నా’ అని వరసగా అడుగుతూనే ఉంటారు. అడిగినవాళ్ళకి ఆ పేజీవారు ఓపిగ్గా జవాబూ ఇస్తారు, ముందు పేజీని ఫాలో అవ్వండి, తర్వాత చెబుతాం అని.