మూడువందలు మిగిల్చే విద్య

పట్టుచీరను ఇంట్లో ఉతకడానికి ముందుగా కావలసింది కుంకుడుకాయలు కాదు, కోపం. డ్రైక్లీనింగ్‌కు మూడువందలు అడిగాడన్న కోపం. పన్నెండువేలు పోసి చీర కొన్ననాడు రాని కోపం అది. చల్లారకముందే బకెట్ పట్టుకుని డాబా ఎక్కండి. మా ఖిలా వరంగల్‌లోనైతే రుద్రమదేవి నాటి మట్టికోట కనిపిస్తుంది. ఇన్ని వందల ఏళ్లు తడిసి, ఎండి, ఇంకా నిలబడ్డ ఆ గోడను చూస్తే మన చీర మీద లేనిపోని ధైర్యం వస్తుంది. ఇక్కడి సన్నని బట్టలను మార్కో పోలో సాలెగూళ్లతో పోల్చాడు. వాటిని ఎవరు ఉతికేవారో, ఎంత తీసుకునేవారో రాయలేదు.

సబ్బు: చేతికందిన బట్టల పొడి వేయండి. పట్టు మన వెంట్రుకలాంటిదే, మాంసకృత్తు. క్షారం తగిలితే మెరుపు పోతుంది, పోగు బలం తగ్గుతుంది. మా అమ్మమ్మ కొంగు చివర తడిపి, తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగడం లేదని తేల్చుకున్నాకే చల్లని నీళ్లలో కుంకుడు రసం కలిపేది. ఆమెకు తొందర లేదు. మనకున్నది ఒక్క ఆదివారం.

పిండడం: మెలితిప్పండి.

ఆరేయడం: మిట్టమధ్యాహ్నం, ఎండలో. తిరగేసి నీడన వేసేవాళ్లు పిరికివాళ్లు.

ఇక ఇస్త్రీ. పెట్టె మీద పట్టుకొక గుర్తు, నూలుకొక గుర్తు ఉంటాయి. చీరకు ఏది పెట్టాలో చదువుకున్న మనకు ఒకరు చెప్పాలా? నాకూ ఎవరూ చెప్పలేదు. అమ్మ గద్వాల చీర తీశాను. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ మాత్రం పట్టు. నూలు గుర్తు మీద పెట్టి మొదలుపెడితే ఒళ్లు అద్దంలా వచ్చింది. ఆ మురిపెంలోనే కొంగు మీదికి వచ్చాను.

"ఏం వాసననే, ఎంట్రుకలు కాలినట్టు?" అంది అమ్మ వంటింట్లోంచి.

పట్టు అసలుదో కాదో తేల్చడానికి ఒక పోగు కాల్చి చూస్తారు. వెంట్రుక వాసన వస్తే అసలుదే. అమ్మ చీర కొన్న ముప్పై ఏళ్లకు మా ఇంట్లో ఆ పరీక్ష జరిగింది. చీర నెగ్గింది.

మీద పల్చటి నూలుగుడ్డ పరిచి, తిరగేసి, తక్కువ వేడి మీద చేయాలని నాకు తెలియక కాదు. గుడ్డ కోసం బీరువా తెరవడానికి బద్ధకమేసింది. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాలినచోట బొటనవేలితో నిమిరి, మడతపెట్టింది. బతుకమ్మకు మళ్లీ అదే చీర కట్టింది. కొంగు తిప్పి నడుముకు దోపుకుంది. ఆడేటప్పుడు అందరూ దోపుకునేదే కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రఫూ చేసేవాడు ఎనిమిదివందలు అడిగాడు. ఇంట్లో సూదీ దారం ఉన్నాయి.