శ్రీ నాణేంద్ర విజయం

సప్తసముద్రాల మీద స్వైరవిహారం చేసే విమానవాహక నౌకల కన్నా, మేఘమండలాన్ని నిట్టనిలువునా చీల్చే యుద్ధవిమానాల కన్నా, కొండల్ని పిండిచేసే శతఘ్నుల కన్నా మిన్న అయిన మహావీరుడొకడు అమెరికా సైన్యంలో ఉన్నాడు. ఆయన మందం మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వ్యాసం అంగుళంన్నర నుంచి రెండంగుళాలు. నివాసం ప్యాంటు జేబు. బిరుదనామం ఛాలెంజ్ కాయిన్. ఆ మహానుభావుణ్ని వెంటపెట్టుకుని అంగడికి వెళితే చిటికెడు ఉప్పు పుట్టదు. కానీ ఆయన బల్ల మీద ఒక్కసారి మోగాడా, కల్నళ్ల పర్సులు సైతం కవాటాలు తెరుస్తాయి. కొనలేనివాడు కొనిపిస్తాడు! అట్టి లోహకులతిలకుడి చరిత్ర చెబుతాను, వినండి.

ఏ రాజవంశానికైనా ఒక పుట్టుకకథ ఉండాలి. సాక్ష్యం దొరక్కపోవడమే దానికి శోభ. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సంపన్నుడైన ఒక అమెరికన్ లెఫ్టినెంటు తన వైమానికదళంలో అందరికీ కంచుబిళ్ళలు చేయించి పంచాడట. ఒక యోధుడు తన బిళ్ళను తోలుసంచిలో పెట్టి మెడలో వేసుకున్నాడట. విమానం దెబ్బతిని నేలకు దిగింది; జర్మన్లు చిక్కించుకున్నారు; గుర్తింపు కాగితాలన్నీ ఊడ్చుకున్నారు; మెడలోని సంచిని మాత్రం ఉపేక్షించారు. కాళరాత్రివంటి బాంబుల రాత్రిలో తప్పించుకుని, ముళ్ళకంచెలు దాటి, గోతులు గెంతి, సొమ్మసిల్లి ఫ్రెంచివారి స్థావరం చేరాడు. వారేమో వేగులవాడనుకుని తుపాకులెత్తారు! అప్పుడు, ఆహా, అశోకవనంలో ఆంజనేయుడు రామముద్రికను వెలికితీసినట్టు సంచిలోంచి బిళ్ళను తీసి చూపాడు. దాని మీది దళచిహ్నాన్ని ఒక ఫ్రెంచి సైనికుడు పోల్చుకున్నాడు. ప్రాణం దక్కింది, పైపెచ్చు ఒక వైను సీసా దక్కింది. ఈ ఉదంతానికి చరిత్రకారులు ఇంతవరకు ఒక్క దస్తావేజు చూపలేకపోయారు. సైనికులు మాత్రం ఒక్క గుక్క కూడా తగ్గించకుండా చెప్పుకుంటున్నారు.

ఆ తరువాతి పర్వం కొరియాలో. 17వ పదాతి రెజిమెంటుకు నాయకుడు కల్నల్ విలియం క్విన్, బిరుదు ‘బఫెలో బిల్’. ఆయన తన వారికోసం నాణేలు చేయించాడు. వాటిపై మూపురం ఎగదన్ని నిలిచిన బైసన్! ఇక బవేరియా కొండల నీడలో, ఈసర్ నదీతీరాన, బాడ్ టోల్జ్ అనే ఊళ్లో విడిది చేసిన 10వ స్పెషల్ ఫోర్సెస్ దళం సవాలు విసిరితే నాణెం చూపాలి, చూపలేనివాడు అందరికీ తాగించాలి అనే ఆచారాన్ని అల్లారుముద్దుగా పెంచిందని ప్రతీతి.

వియత్నాంలో మాత్రం ఘోరకలి! అక్కడి సైనికుల మద్యశాలల్లో నాణేనికి బదులు తూటా రాజ్యమేలింది. ఎవడైనా అడిగితే జేబులోంచి తూటా తీసి బల్ల మీద పెట్టాలి. ఒకడు చిటికెనవేలంత తూటా పెడితే, వాణ్ని మించాలని ఇంకొకడు బొటనవేలంతది పెట్టాడు. వాణ్ని మించాలని మరొకడు మెషీన్‌గన్ తూటా తెచ్చాడు. చివరికి గ్రెనేడ్లు, రాకెట్లు, ఫిరంగిగుండ్లు సైతం బీరు గ్లాసుల సరసన కొలువుదీరాయి! పౌరుషం పరాకాష్ఠకు చేరి పైకప్పు ఎగిరిపోయే లోపున, సంధికి వచ్చిన వాసుదేవుడిలా నాణెం రంగప్రవేశం చేసింది. నాణేలన్నీ ఇంచుమించు ఒక్క కొలతే. ఇంకెవడు ఎవణ్ని మించుతాడు?

ఇప్పుడు యుద్ధపర్వం. శుక్రవారం సాయంకాలం. కంటోన్మెంటు పక్క బారు. బీరు నురుగులు పాలసముద్ర తరంగాల్లా గ్లాసుల అంచులు ఒరుసుకుంటుండగా, మూలనున్న బల్ల దగ్గర ఒక సార్జంటు లేచాడు. వినీలాకాశంలోకి వజ్రాయుధాన్ని ఎత్తిన దేవేంద్రుడిలా కుడిచెయ్యి ఎత్తాడు. పిడికిలి విప్పాడు. “కాయిన్ చెక్!”

ఠంగ్!

పాంచజన్యం మోగిందా, పిడుగు పడిందా! వేరుశెనగ పలుకులు పళ్లెంలో ఎగిరిపడ్డాయి. చర్చలు సగం మాటలో తెగిపోయాయి. ఇరవై చేతులు ఇరవై జేబు గుహల్లోకి దూకాయి. తాళంచెవులు, చిల్లర, నలిగిన రసీదులు శత్రుసైన్యాల్లా అడ్డుపడ్డాయి. వాటిని చెండాడి, చీల్చి, ఒక్కొక్క వీరుడూ తన నాణేంద్రుణ్ని జయధ్వానంతో బల్ల మీద ప్రతిష్ఠించాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్! ఒక కార్పొరల్ మేజోడులోంచి తీశాడు. స్నానాల గదిలోనైనా సవాలు తప్పదని ఎరిగిన జ్ఞాని అతడు. కర్ణుడికి కవచకుండలాల్లా నాణేన్ని ఒంటి నుంచి వీడనీయడు. ఇంకొకడి నాణెం కుర్చీ మీది కోటులో ఉంది. ధర్మశాస్త్రం ఒక్క అడుగు, ఒక్క చెయ్యి చాపు మాత్రమే అనుమతిస్తుంది. అడుగు వేశాడు, నడుము విల్లులా వంచాడు, వేలికొసలు కోటును ముట్టాయి, దక్కింది!

మరొకడు గర్వంగా తాళాల గుత్తి విసిరాడు; గుత్తికి వేలాడుతూ నాణెం. సభ హాహాకారం చేసింది. చిల్లు పడిన నాణెం నాణెం కాదు, నగ మాత్రమే! ఆ అభాగ్యుడు ఓడినవారి వరసలో నిలబడ్డాడు. అతని పక్కనే, శకుంతల బోసివేలు చూసుకున్నట్టు తన అరచేతుల్ని చూసుకుంటూ ఒక యువ లెఫ్టినెంటు. అతనిదే ఆ దళమంతటిలోకి అందమైన నాణెం. ఇంట్లో, మఖమలు పెట్టెలో, భద్రంగా ఉంది. ఆ రాత్రి ఆ ఇద్దరే అందరికీ తాగించారు. ఒకవేళ అందరి దగ్గరా నాణేలు బయటపడి ఉంటే, సవాలు విసిరిన సార్జంటే బిల్లు కట్టాలి. చెయ్యి జారి నాణెం నేలబడినా సవాలు విసిరినట్టే లెక్క. అందుకే తడిచేతులవాడు ఈ రణరంగంలో నిలవడు.

కాని బారులో గెలిచేది నాణేంద్రుడి వీరరసం; శృంగారరసం చూడాలంటే సేకర్త మందిరానికి వెళ్లాలి. అక్కడ చెక్కమెట్ల మీద బారులుతీరిన నాణేలు సభాసదుల్లా కొలువై ఉంటాయి. ఒకదాన్ని అంచు పట్టి ఎత్తి చూడండి. ఇత్తడి బిళ్ళ మీద అచ్చు బరువు పడినప్పుడు ఉబికిన గరుడపక్షి. రెక్కల ఈకల మధ్య పల్లాల్లో సూదిమొనతో నింపి వేడిచేసి గట్టిపరచిన నీలి ఎనామిల్. చుట్టూ పేనిన తాడులా మెలికలు తిరిగిన అంచు. మెరుపు మీద నల్లపూత పూసి, మిట్టల మీద మాత్రం తుడిచివేసిన వృద్ధశోభ. నాలుగు నక్షత్రాలుంటే అది జనరల్‌ది. సేకర్త దాన్ని ఆవకాయ జాడీ కాపాడే అమ్మమ్మలా తడిచెయ్యి తగలనివ్వడు, పాలిష్ సోకనివ్వడు. పీవీసీ సంచుల్లో పెడితే పచ్చటి జిడ్డు పట్టి లోహం చెడుతుందని వాటిని గుమ్మం తొక్కనివ్వడు. అధ్యక్షపీఠం ఎక్కినవారికీ ఈ మోహం తప్పలేదు: 2004లో వైట్‌హౌస్‌లో ఆవిష్కరించిన బిల్ క్లింటన్ అధికారిక చిత్రపటంలో ఆయన వెనుక నాణేల వరసలు కొలువుదీరి కనిపిస్తాయి.

అయినా నాణేంద్రుడి పట్టాభిషేకం అద్దాల బీరువాలో జరగదు. సేనాధిపతి నడిచివస్తాడు, రాత్రంతా మేలుకుని ఇంజను బాగుచేసిన కుర్ర మెకానిక్కు ముందు నిలుస్తాడు, చెయ్యి చాపుతాడు. అరచేతికి అరచెయ్యి తాకుతుంది. దండోరా లేదు, ప్రశస్తిపత్రం లేదు. చెయ్యి వెనక్కి తీసుకునేసరికి ఆ మసిబారిన అరచేతిలో వెచ్చగా, బరువుగా నాణెం!

ఇక ఫలశ్రుతి. ఓ సేకర్తలారా! బజారులో డబ్బిచ్చి కొన్న నాణెం పక్కన ధర రాసుకోండి, తప్పులేదు. చేతికి చెయ్యి కలిపి ఇచ్చిన నాణెం పక్కన మాత్రం ఇచ్చినవారెవరో, ఏ రోజో, ఏ పనికో మూడు ముక్కలు రాసి చీటీ పెట్టండి. అచ్చు ఉంటే నాణేలు ఎన్నయినా కొట్టవచ్చు. ఆ చీటీ పోతే మీ దగ్గర మిగిలేది ఒక ఔన్సు ఇత్తడి.