రానుపోను రిక్షాకూలి

నేను ఒక సేవాసంఘమున సభ్యుడనైతినని విని నా మిత్రులు, నాయందు అంతటి భూతదయ యెప్పుడు పుట్టినదని ఆశ్చర్యపడిరి. భూతదయకును నా సభ్యత్వమునకును సంబంధము లేదు. గోదావరి తీరమున ఒక చిన్న పట్టణపు కళాశాలయందు తెలుగు చెప్పుకొనుచు, సాయంకాలము అరుగుమీద కూర్చుండి వచ్చిపోవువారిని చూచుచు కాలము గడుపుచుండగా, అంతవరకు ఆ సంఘమువారికి సన్మానపత్రములు వ్రాసిపెట్టుచుండిన వృద్ధపండితుడు ఇల్లమ్ముకొని కుమారునియొద్దకు హైదరాబాదు వెడలిపోయెను. జులైలో క్రొత్త అధ్యక్షుని ప్రమాణస్వీకారము. పత్రము చదువనిదే ప్రమాణము చెల్లదని వారి నమ్మకము. ఒకనాడు ఒక రైసుమిల్లు యజమానియు, ఒక ఎరువుల వర్తకుడును మా యింటికి వేంచేసి, మా యింటి పకోడీలను ప్రశంసించి, “మాస్టారూ, మీలాంటి పెద్దలు మాలో లేకపోవడం మాకే లోటండీ” అనిరి. నేను చందా మాట యెత్తితిని. “అబ్బే, మీ చందా సంగతి మేం చూసుకుంటాం కదండీ” అనిరి. ఊరక వచ్చు గౌరవమును కాలదన్నునంతటి వైరాగ్యము నాకు ఆనాడును లేదు, ఈనాడును లేదు.

ఆ సంఘము చక్రమునకు చెందినదో, సింహమునకు చెందినదో నేను చెప్పను. చెప్పితినా, ఊరిలో సగముమంది నాతో మాటాడుట మానుదురు. చెప్పకుందునా, ఇరుపక్షములవారును నేను రెండవవారిని గూర్చియే వ్రాసితినని సంతసింతురు. రెండింటికిని పుట్టినిల్లు చికాగో నగరమే. 1905 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి, పల్లెటూర పెరిగి మహానగరమున ఒంటరితనముతో వేసారిన పాల్ హారిస్ అను న్యాయవాది, ఒక బొగ్గుల వ్యాపారితోను, ఒక గనుల ఇంజనీరుతోను, ఒక దర్జీతోను కలిసి కూర్చుండి కబుర్లు చెప్పుకొనెను. ఒకమారు ఒకరి కచేరిలో, వేరొకమారు వేరొకరి కచేరిలో చక్రము తిరిగినట్లు తిరుగుచు కలిసికొనుటచేత దానికి రోటరీ యను పేరు వచ్చెను. అనగా మొదట పుట్టినది సమావేశము. సేవ దానికి తమ్ముడు. అన్నకు ఉన్న ఆకలి తమ్మునికి లేకపోవుట మా ఊరి సంఘమున నేను కన్నులార చూచితిని. ఆ చికాగోవారు తొలిదినములలో తలపెట్టిన ప్రజాహిత కార్యము, నగరము నడిబొడ్డున బాటసారులకై మరుగుదొడ్లు కట్టింపుమని పురపాలకుల వెంటబడుట. అట్టి కట్టడమునకు రిబ్బను ఎవరు కత్తిరించిరో, ఫోటోలో ముందు వరుసను ఎవరు నిలిచిరో యని నేను పలుమారులు ఆలోచించితిని. మా సంఘమున ఆ తీర్మానమును ప్రతిపాదించువాడు దొరకినను బలపరచువాడు దొరకడు.

ఇక 1917లో మెల్విన్ జోన్స్ అను బీమా వ్యాపారి పూనికతో వెలసిన సింహపు సంఘపు చిహ్నమున రెండు తలలు కలవు: ఒకటి గతమువైపును, ఒకటి భవిష్యత్తువైపును చూచుచుండును. వర్తమానమును చూచుటకు తల లేదు. సభ్యులకు జరిమానాలు వేయు ఉద్యోగిని అచ్చట టెయిల్ ట్విస్టర్ అందురు. మన భాషలో తోక మెలిపెట్టువాడు. చక్రమువారిలో పెక్కుచోట్ల ఆ పని సార్జెంటు చేయును. పేరేదైనను మెలి ఒక్కటే.

మా సమావేశము ఆహ్వానపత్రమున ఏడు గంటలకు, అధ్యక్షుని చేతి గంట మ్రోగునప్పటికి ఎనిమిదింబావునకు జరుగుచుండెను. ఆ గంట కంచుది, పీటమీద వ్రేలాడుచుండును, దానిని చిన్న కొయ్యసుత్తితో కొట్టు హక్కు అధ్యక్షునికి తప్ప అన్యులకు లేదు. ఒకమారు హోటలు కుఱ్ఱవాడు బల్ల తుడుచుచు దానిని మ్రోగించినందున సభ ఆరంభమైనదని తలచి అందరును లేచి నిలిచిరి. కూర్చుండుమని చెప్పు అధికారము ఎవరికిని లేకపోవుటచే, అధ్యక్షుడు వచ్చువరకు అట్లే నిలిచియుండిరి. సభ్యులు ఇరువదియారుగురు, అందు మాజీ అధ్యక్షులు పదునేడుగురు. మాజీ అధ్యక్షుడన ఎవరు? చేయవలసినదంతయు తన కాలముననే చేసివేసి, ఇతరులు చేయునది ఎట్లు చేయరాదో చెప్పుటకై మిగిలియున్నవాడు. ఆడువారికి ఆనాడు మాలో చోటు లేదు. సింహము 1987లోను, చక్రము 1989లోను వారికి తలుపు తీసినవి గాని, ఆ వార్త మా ఊరికి నడిచి వచ్చుచుండెను.

జరిమానాలు వసూలుచేయువాడు ఒక మందుల దుకాణదారు. మాట తక్కువ మనిషి. కోటుకు సంఘపు బిళ్ల పెట్టుకొనక వచ్చినవానికి రెండు రూపాయలు. తలక్రిందులుగా పెట్టుకొని వచ్చినవానికి మూడు. క్రొత్త స్కూటరు కొన్నవానికి సంతోషము పేర పది. భార్య పుట్టినదినము మరచినవానికి అయిదు. నాకు పడిన మొదటి జరిమానా వందనసమర్పణము నలుబదినిమిషములు చేసినందులకు. ఆ సమర్పణమున సంఘపు జిల్లా గవర్నరుగారు మొదలు షామియానా వేసినవాని వరకు అందరిని స్మరించి మైకువాని పేరు మరచితిని. అతడు మాత్రము నన్ను మరువలేదు. తరువాతి సభలో నేను “సభకు నమస్కారము” అనగనే మైకు ఊపిరి విడిచెను.

ఇక కుట్టుమిషను కథ. మా వీధి చివర పెంకుటింట ఒక వితంతువు, గ్రుడ్డిదైన తల్లితోను ఇద్దరు పిల్లలతోను కాపురముండి, పొరుగువారి మిషను అద్దెకు తీసికొని జాకెట్లు కుట్టి బ్రతుకుచుండెను. నేనే ఆమె పేరు చెప్పితిని. ప్రమాణస్వీకారమునాడు వేదికపై ఒక కాలిమిషను ఎఱ్ఱరిబ్బనుతో ముస్తాబై నిలిచెను. దానము చేయువేళ దాతలందరును మిషనుపై చేయివేయవలెనని ఫోటోగ్రాఫరు కోరగా, పదునొకండుగురు చేతులు వేసిరి. పుచ్చుకొనునామెకు చేయి పెట్టుటకు చోటు చిక్కలేదు. తీరా ఫోటో కడిగి చూడగా అందు పదునొకండు చేతులును, ఒక మిషనును, ముందు వంగిన అధ్యక్షుని బట్టతలయు స్పష్టముగా కానవచ్చెను. ఆమె కానరాలేదు.

గవర్నరుగారి తనిఖీ మాఘమాసమున వచ్చెను. తనిఖీకి ఫోటోల పుస్తకము చూపవలెను. దానము పుచ్చుకొన్న మనిషి లేని దానపుఫోటో చెల్లదని కార్యదర్శికి తోచెను. కావున మిషనును తీసికొని రమ్మని ఆమెకు కబురు పంపిరి. పెండ్లిండ్ల రోజులు; ఆమె ఇంట గుడ్డలు కుప్పలు పడియుండెను. అయినను రిక్షా మాటాడి, ఇనుపచట్రమును త్రాళ్లతో కట్టించి, తాను ప్రక్కన నడచుచు వచ్చినది. తొందరలో సూదిక్రింద ఎవరి పెండ్లికో కుట్టుచున్న జాకెట్టుచేయి అట్లే యుండిపోయెను. పచ్చపట్టు, అంచున జరీ. ఆ జాకెట్టుచేతిని తన చేతిలో పట్టుకొని అధ్యక్షుడు చిఱునవ్వుతో నిలువగా, ఎఱ్ఱరిబ్బను మరల కట్టిరి, మరల కత్తిరించిరి. ఈమారు ఆమెను నడుమ నిలిపిరి. ఫోటో దివ్యముగా వచ్చెను.

అంతయు ముగిసి అందరును టీ త్రాగుచుండగా ఆమె నాయొద్దకు వచ్చి, గొంతు తగ్గించి, “మాస్టారూ, రిక్షా వాడు రానూ పోనూ ఇరవై అంటున్నాడండీ. దార్లో కుదుపుకి పట్టా కూడా ఊడిపోయింది. పట్టా నేను ఎక్కించుకుంటాను లెండి, ఆ కూలి మాత్రం...” అని ఆగినది. నా జేబులో ఇరువది రూపాయలు ఉండెను. తీసి ఇచ్చివేయవచ్చును. కాని సంఘపు ధర్మమును సంఘముచేతనే చేయించవలెనని నాకు ఒక దుర్బుద్ధి పుట్టెను; రిక్షావానితో రేపు రమ్మని చెప్పితిని.

మరుసటి సమావేశమున లేచి ఆ మాట మనవి చేసితిని. ఇరువది రూపాయలపై గంటముప్పావు చర్చ జరిగెను. సంఘమునకు రెండు పద్దులు కలవు: జనులిచ్చిన సొమ్ము సేవానిధి, సభ్యుల చందా పాలనానిధి, ఒకదానిలోని సొమ్ము రెండవదానికి పోరాదు. నియమము మంచిదే, నేను కాదనను. కోశాధికారియగు ఎరువుల వర్తకుడు లేచి, “మిషను మనం జులైలోనే ఇచ్చేశామండీ. ఇప్పుడది ఆవిడ సొంత సరుకు. ఆవిడ సరుకు ఆవిడ తెచ్చుకుంటే సేవానిధి ఎందుకిస్తుందండీ?” అనెను. మాజీ అధ్యక్షుడైన ఒక ప్లీడరు కండ్లద్దములు తీసి, “అంతమాట అనకండి. ఆవిడ సొంత సరుకని ఒప్పుకుంటే, మనం దాన్ని ఫోటోకి వాడుకున్నందుకు ఆవిడ అద్దె అడగొచ్చు” అనెను. అద్దె యను మాటతో సభకు గుండె జారెను. గవర్నరుగారి రాకపోకల ఖర్చులో వేయుడని ఒకరనిరి. ఆ పద్దు శాలువాతోను, గజమాలతోను ఎప్పుడో నిండిపోయెనని వేరొకరనిరి. ముగ్గురితో ఉపసంఘము వేయవలెనని మూడవవారు సూచించిరి. ఉపసంఘపు టిఫినుఖర్చు ఏ పద్దులో వ్రాయవలెనను ప్రశ్న అంతలో తలయెత్తెను. నేను గోడప్రక్కన నిలిచియున్న హోటలువానిని మెల్లగా అడుగగా, ఆనాటి భోజనము విస్తరికి ముప్పదియైదు రూపాయలని చెప్పెను. దానికి పద్దు ఎవరును అడుగలేదు.

చివరకు మందుల దుకాణదారు లేచెను. “కార్యక్రమంలో లేని విషయం ఎత్తి సభ కాలం వృథా చేసినందుకు మాస్టారికి పాతిక రూపాయలు జరిమానా” అనెను. సభ హర్షధ్వానములతో మారుమ్రోగెను. అతని ఉద్దేశమేమో తెలియక పాతిక రూపాయలు డబ్బాలో వేసితిని. అతడు డబ్బా మూత తీసి, అందరును చూచుచుండగా అందుండి ఇరువది రూపాయలు నా చేతిలో పెట్టి, “ఇవి ఆవిడకివ్వండి. అయిదు మీ వాటా పుణ్యం” అని కూర్చుండెను. జరిమానాల డబ్బుకు పద్దు లేదు. అట్లు సంఘపు ధర్మము సంఘముచేతనే జరిగెను, నా సొమ్ముతో.

వీరిని నేను ఎగతాళి చేయుచున్నానని చదువరులకు తోచవచ్చును, చేయుచునే యున్నాను. అయితే పల్స్ పోలియో ఆదివారములు వచ్చినపుడు ఈ పదునొకండు చేతులే తెల్లవాఱుజామున బస్సుస్టాండుకు పోయి మందుపెట్టెలు మోసెను. రైసుమిల్లు యజమాని చుక్కలు వేయించుకొన్న ప్రతి బిడ్డకును ఎడమచేతి చిటికెనవ్రేలి గోటిపై గీత గీయుచుండగా, ఒక ముదుసలి చూచి, “పిల్లలకి కూడా ఓటిచ్చారా బాబూ? ఏ గుర్తుకేస్తున్నారు?” అని అడిగెను. 1985 నుండి పోలియోపై పట్టు విడువక పోరాడినది చక్రమువారి ప్రపంచసంఘము. మన దేశమున చివరి కేసు 2011 జనవరిలో హౌరావద్ద కనబడెను. 2014 మార్చి 27న మన దేశముతో కూడిన ఆగ్నేయాసియా మండలమునుండి ఆ వ్యాధి తొలగెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినపుడు, ఎనుబదియేండ్లు దాటిన ఆ మిల్లు యజమాని నాకు ఫోను చేసి, “చూశారా మాస్టారూ! మన పేర్లు పేపర్లో వేస్తారంటారా?” అనెను. వేయలేదని చెప్పుటకు నాకు నోరాడక, జిల్లా పేజీ ఇంకను చూడలేదంటిని.

కండ్ల సంగతియు అట్టిదే. 1925లో హెలెన్ కెల్లర్ ఒహాయో రాష్ట్రమున సింహముల మహాసభకు వచ్చి, చూపులేనివారి పక్షమున నిలువుడని అర్థించినది మొదలు వారు ఆ పని విడువలేదు, చక్రమువారును వెనుకబడలేదు. గవర్నరుగారి తనిఖీ జరిగిన యేడు వేసవిలో మా సంఘము కంటివైద్య శిబిరము పెట్టెను. దానికి ముందు ఏడు సమావేశములు జరిగెను. అందు ఆరు బ్యానరుపై ఎవరి ఫోటో ఎంత కొలతలో వేయవలెనను విషయముపై. మందుల దుకాణదారు ఒక్కడు మాత్రము సైకిలుపై చుట్టుపట్టు పల్లెలు తిరిగి, శుక్లములు ముదిరిన ముసలివారి పేర్లు పాతచిట్టాలో వ్రాసికొని వచ్చెను. అందు మా వీధి చివరి గ్రుడ్డితల్లి పేరు నేను వ్రాయించితిని. ఉదయము ఏడు గంటలకు మునిసిపల్ హైస్కూలునకు రావలసినదని కాలేజీ అటెండరుచేత కబురంపితిని. కబురులో తల్లి మాట చెప్పుమంటిని; అతడు చెప్పినది మాత్రము, “క్లబ్బోళ్లు రమ్మన్నారు” అనియే.

ఏడు గంటలకు అధ్యక్షుడు బ్యానరుక్రింద నిలుచుండి, ఫోటోగ్రాఫరు రాలేదేమని చికాకుపడుచుండగా, గేటువద్ద రిక్షా ఆగెను. అందు ముసలి తల్లి ముడుచుకొని కూర్చుండియుండెను. ఆమె ఒడిలోనికి ఒరుగుచు, త్రాళ్లతో కట్టబడి, కాలిమిషను నిలిచియుండెను. కూతురు చెమట తుడుచుకొనుచు వెనుకనుండి వచ్చి, “అమ్మకి కూడా కళ్లు చూపిద్దామని తీసుకొచ్చానండీ. ఆలస్యమైపోయిందా మాస్టారూ? ఈసారి సూది కింద ఏమీ లేకుండా చూసుకున్నాను” అనెను. కొంగుముడి విప్పి, మడచిపెట్టుకొన్న ఎఱ్ఱరిబ్బనును తీసి నా చేతికి ఇచ్చినది.

రిక్షావాడు నన్ను గుర్తుపట్టి తలపాగా సవరించుకొని నవ్వెను. “రానూ పోనూ అదే రేటండీ బాబూ. ముసలమ్మకి వేరే వద్దు లెండి” అనెను. మందుల దుకాణదారు నావైపు చూచి, చంకలోని జరిమానాల డబ్బా తీసెను.