కోట చుట్టూ మట్టి, కుండీ నిండా పురుగు

ఖిలా వరంగల్‌లో కాపురం ఉంటూ మట్టి కొనుక్కున్నవాడి గోడు ఇది. గణపతిదేవుడు మొదలుపెట్టించి రుద్రమదేవి పూర్తిచేయించిన కోట మాది. లోపల రాతి గోడ, బయట మట్టి గోడ, రెంటికీ కందకాలు. ఏడు వందల ఏళ్లకు పైగా వానలకు తడిసినా ఆ మట్టి కట్ట ఇంకా నిలిచే ఉంది. అందులోంచి గంపెడు తెచ్చుకుందామంటే అది సర్కారు కాపాడుతున్న సొత్తు. ఇంటి వెనక జాగ తవ్వుదామంటే మరో చిక్కు. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధం, ఆపై ఇంకో 200 మీటర్లు నియంత్రితం అని 2010లో సవరించిన చట్టం. అది కట్టడాల గురించే కావచ్చు. కానీ నా పలుగు దిగింది పునాదికా, పుంటికూరకా అని వచ్చినవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. అందుకని మేడెక్కాను. కుండీలు కొన్నాను, సంచుల్లో మట్టి కొన్నాను, పుంటికూర గింజలు చల్లాను.

మట్టి ఒంటరిగా రాలేదు. బాగా చివికిన పశువుల పెంట కలిపానని అమ్మినవాడు ప్రమాణం చేశాడు. చివికింది ప్రమాణమే, పెంట కాదు. సగం మురిగిన పెంటలో పెంకుపురుగులు గుడ్లు పెడతాయి. వాటి పిల్లలే తెల్లగా, బొద్దుగా, ఒంపు తిరిగి పడుకుని వేళ్లు కొరికే వేరుపురుగులు. వాటి పైఅంతస్తులో దోమకన్నా చిన్నవి, నల్లటి ఈగలు. ఇవి ఎగిరేది తక్కువ, తడి మట్టి మీద తచ్చాడేది ఎక్కువ. పైన రెండు మూడు అంగుళాల్లోనే వాటి సంసారం. పిల్లలు బూజూ కుళ్లూ తింటాయి, అది చాలకపోతే లేత వేళ్లు తింటాయి. మూడు నాలుగు వారాలకో తరం. మా చాయ్ కప్పుల్లో పడి చచ్చేవి పెద్దవి, అసలు పని కానిచ్చేవి కిందున్న చిన్నవి. ఇక చీమలు. పిండినల్లి విసర్జించే తీపి కోసం దాన్ని మోసుకొచ్చి మొదళ్ల దగ్గర కావలి కాస్తాయి. వానపాములు కూడా ఉన్నాయి కానీ వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ ఇంట్లో సలహా ఇవ్వకుండా పనిచేసేవి అవే.

ఈగలకు విరుగుడు తెలిసిందే. వేపపిండి కలపాలి, పసుపు రంగు జిగురు అట్టలు గుచ్చాలి, అన్నిటికన్నా ముందు పైమట్టిని ఆరనివ్వాలి. అట్టకు అంటుకునేవి రెక్కలొచ్చినవే. పిల్లలు చావాలంటే మట్టి ఎండాల్సిందే. కాబట్టి నీళ్లు తగ్గించాను. సరిగ్గా అప్పుడే ఆకు కోతకొచ్చింది, కోతతోపాటు చుట్టాలూ వచ్చారు.

వరి పండించే పెదబాపు మొదట తీర్పు చెప్పాడు. “కోతకు పది రోజుల ముందే మడి ఆరగట్టాలె బిడ్డా. తడి ఉంటే మిషిను దిగవడతది.” మా మేడ మెట్లు ఎక్కగల కోత మిషిను ఇంకా రాలేదని చెప్పాను, వినలేదు. మిర్చి వేసే బావమరిది కూడా నీళ్లు ఆపమనే అన్నాడు. “తడికాయ తెంపితే బూజుపట్టి తాలు అయితది బావా. ఎనుమాముల మార్కెట్ల ఎవడూ మొహం చూడడు.” ఆయనది చపాటా మిర్చి. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అప్పటి నుంచి తన మాటకూ వచ్చిందని ఆయన నమ్మకం. పల్లికాయ చిన్నమ్మది ఎదురు వాదన. “నీళ్లు వెట్టకుంట పీకుతే కాయలన్ని భూమిలనే ఉంటయి కొడుకా, తడిపినంకనే గుంజాలె.” పసుపు వేసే అత్తగారు మరీ నిదానస్తురాలు. ఆకు పూర్తిగా ఎండేదాకా ఆగమంది. ఆకుకూరను!

ఎవరి చేలో వాళ్ల మాట అక్షరాలా నిజం. నా కుండీ ఒక్కటే అందరి చేను అయి కూర్చుంది.

ఇందులో పుంటికూర గురించి మాట్లాడింది మా ఇంటామె ఒక్కతే. ముందు రోజు సాయంత్రం తడపాలి, తెల్లారి ఎండెక్కకముందే తెంపాలి, లేకపోతే ఆకు వాడి, కాడ ముదురుతుందంది. నిజమే. దీని దగ్గరి చుట్టం గోగు, భీమునిపట్నం జనుముగా పేరుపడ్డ నార పంట. ఎండగట్టి ముదరబెడితే పచ్చడి బదులు పగ్గం పేనుకోవాలి. తడిపాను. ఆకు నిగనిగలాడింది, ఈగలూ కళకళలాడాయి.

మధ్యేమార్గంగా పైన పోయకుండా కింద పళ్లెంలో నీళ్లు పెట్టాను. పైమట్టి ఆరింది, వేళ్లకు తడి అందింది. పళ్లెంలో దోమలు పుట్టాయి. శుక్రవారం డ్రైడే అని నిల్వ నీళ్లు పారబోయించే కార్యక్రమం ఉంది కదా. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా వారం పది రోజుల్లో ఎదుగుతుంది కనుక వారానికోసారి పారబోయడం న్యాయమే. నా పళ్లెమూ బోర్లించాను. మళ్లీ పైనుంచి పోస్తే నీళ్లు దిగలేదు. కాకతీయులు కట్టించిన పాకాల చెరువు తూములు నేటికీ పొలాలకు నీళ్లు వదులుతుంటే, నా కుండీ తూము వేళ్లు అడ్డుపడి మూసుకుపోయింది.

ఇవి చాలవన్నట్టు ఎదురింటి కుర్రాడు నా కుండీలను ఫోనులో ఫొటో తీశాడు. మేడల మీద గంజాయి పెంచి పట్టుబడ్డవాళ్ల వార్తలు చదివాడట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆ మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. కుర్రాణ్ని పూర్తిగా తప్పుపట్టలేను. 1759లో లినేయస్ అంతటివాడు గోగుకు శాస్త్రీయ నామం పెడుతూ గంజాయినే తలచుకుని ‘హైబిస్కస్ కన్నాబినస్’ అన్నాడు. ఆకు చేతికిచ్చి చూపించాను. గంజాయికి ఒకే కాడ కొసన విడివిడి రేకులుంటాయి. దీనికి చీలికలెన్నున్నా అడుగున ఆకు ఒక్కటే. నమిలి చూడమన్నాను. నమిలాడు, పులుపుకు కన్ను మూశాడు, కేసు కొట్టేశాడు. పోతూ పోతూ రెండు కట్టలు తీసుకుని, “నీళ్లు ఎక్కువైతున్నయ్ అంకుల్” అన్నాడు.

కావున ఇందుమూలంగా ఇంటిల్లిపాదికీ, బంధుకోటికీ తెలియజేయునది. వరి, మిర్చి, పల్లి, పసుపు అనుభవాలు ఇకపై కింది అంతస్తులోనే స్వీకరించబడును. నీళ్లు పోయమనేవారు బకెట్‌తో పైకి రావలెను. ఆపమనేవారు ఈగల మధ్య కూర్చుని చాయ్ తాగవలెను. ఇక పచ్చడి వడ్డించాక “పులుపు జర తక్కువైంది” అనదలచినవారు, ఆ మాట అనకముందే వచ్చే పంటకు రెండు సంచుల మట్టి మోసి ఉండవలెను.