సున్నా నుంచి మూడు దాకా

2025 ఏప్రిల్‌లో ఇన్ఫోసిస్ పెద్దలు కొత్త ఆర్థిక సంవత్సరంలో తమ ఆదాయం ఎంత పెరగబోతోందో లోకానికి సెలవిచ్చారు. సున్నా నుంచి మూడు శాతమట. మూడు లక్షల పైచిలుకు ఉద్యోగులు, ఖండఖండాన ఆఫీసులు, ఖాతాదారుల గుట్టుమట్లన్నీ తెలిసిన మేనేజర్లు, వీళ్లందరికీ తోడు కృత్రిమ మేధ. ఇంతమంది కూడబలుక్కుని తేల్చిందేమిటయ్యా అంటే, పెరిగితే పెరగొచ్చు, లేకుంటే లేదు.

జులైలో విప్రో ఇంకో మెట్టు పైకెక్కింది. వచ్చే మూడు నెలలకు మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి శాతం అంది. అంటే పెరగొచ్చు, తరగొచ్చు, ఉన్నచోటే ఉండొచ్చు. ఈ మూడూ కాక నాలుగో గతి ఏదైనా లెక్కల మాస్టారికి తెలిస్తే చెప్పమనండి, వచ్చేసారి అదీ కలుపుకుంటారు. టీసీఎస్ మటుకు గైడెన్స్ అనే ఈ ముందస్తు అంచనా ఇచ్చే అలవాటే పెట్టుకోలేదు. జోస్యాల విషయంలో ఈ రంగంలో నాకు కనిపించిన నిజాయితీ అదొక్కటే.

ఈ సౌకర్యం మనకూ ఉంటే ఎంత బాగుండేది! కొడుకు బీటెక్ కోసం అప్పు చేసిన రైతు బ్యాంకు మేనేజరు ఎదుట కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, "ఈ ఏడాది బాకీలో సున్నా నుంచి మూడు శాతం దాకా తీర్చగలమని మా అంచనా. అదీ స్థిర కరెన్సీలో. అంతర్జాతీయ అనిశ్చితి ఉంది కాబట్టి మూడు నెలలకోసారి సవరిస్తుంటాం సార్" అనేవాడు. మేనేజరు కూడా "ఖాతాదారు జాగ్రత్తతో కూడిన ఆశాభావం కనబరిచారు" అని ఫైలు మీద రాసుకుని కాఫీ తెప్పించేవాడు. అలా జరగదు. రైతు ఇంటికి నోటీసు వస్తుంది. అంచనా తప్పే హక్కు కోటు వేసుకున్నవాళ్లకే రిజర్వు అయి ఉంది.

ఉగాదికి అటూ ఇటూగానే గైడెన్స్ కూడా వస్తుంది కాబట్టి కొందరు దీన్ని పంచాంగ శ్రవణంతో పోలుస్తుంటారు. పంచాంగకర్తల తరఫున నేను దీన్ని ఖండిస్తున్నాను. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని పంచాంగకర్త ఒకసారి రాశాడంటే ఏడాది పొడుగునా ఆ మాట మీదే ఉంటాడు. ఆషాఢంలో సవరించిన పంచాంగం వేయడు, ధనుర్మాసంలో దాన్ని మళ్లీ దిద్దడు.

ఇక్కడి సంగతి చూడండి. 2023 ఏప్రిల్‌లో ఇన్ఫోసిస్ నాలుగు నుంచి ఏడు శాతం అంది. జులైకి అది ఒకటి నుంచి మూడున్నర అయింది. అక్టోబర్‌లో పై అంకె రెండున్నరకు జారింది. 2024 జనవరిలో, ఏడాదిలో తొమ్మిది నెలలు గడిచిపోయాక, ఒకటిన్నర నుంచి రెండు అని ఘంటాపథంగా చెప్పింది. చివరికి వచ్చింది 1.4. మరుసటి ఏడాది మెట్లు పైకి ఎక్కారు. ఒకటి, మూడు మధ్య మొదలుపెట్టి, 2025 జనవరికి నాలుగున్నర, అయిదు మధ్యకు చేరారు. వచ్చింది 4.2. నాలుగింట మూడు వంతుల జవాబు ముందే చేతిలో ఉన్న లెక్కను వరసగా రెండేళ్లు తప్పడానికి కూడా ఒక స్థాయి ఉండాలి.

ఇంత వెడల్పు వల వేయడానికి కారణం లేకపోలేదు. 2013 ఏప్రిల్ 12న గైడెన్స్ తాము అనుకున్నంత లేదని మార్కెట్ అలిగితే ఇన్ఫోసిస్ షేరు ఒక్కరోజులో 21 శాతం కూలింది. కంపెనీకి నష్టమొచ్చి కాదు. లాభం బాగానే ఉంది, దలాల్ స్ట్రీట్ కలగన్నంత లేదు, అంతే. అలాంటి దెబ్బ తిన్నవాడు అంకె పలికేముందు చుట్టూ దిక్కులు చూడడా మరి!

ఆ భయానికి ఇంకో మందు కూడా ఉంది. దాన్ని వాడిచూసిన ఘనత మన హైదరాబాదుది. అంకె రావలసినంత రాకపోతే రాసేసుకోవడం. సత్యం కంప్యూటర్స్‌లో 2008 సెప్టెంబర్ త్రైమాసికానికి నిర్వహణ లాభం మూడు శాతమైతే పుస్తకాల్లో 24 శాతం పడింది. అదే సెప్టెంబర్‌లో ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న సంస్థ చైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి చెప్పేదాకా ఆడిటర్లు గానీ, విశ్లేషకులు గానీ, అవార్డు ఇచ్చినవాళ్లు గానీ ఆ గుట్టు బయటపెట్టలేదు. రేపు ఏం జరుగుతుందో చెప్పేవాళ్లకు నిన్న ఏం జరిగిందో తెలియాలన్న నియమం ఈ వృత్తిలో లేదు.

కంపెనీలు పాపం చిన్న జోస్యులు. పెద్దపీట పరిశ్రమ సంఘం నాస్కామ్‌ది, దాని చెవిలో ఊదే సలహా సంస్థలది. 1999లో నాస్కామ్, మెకిన్సీ కలిసి 2008 నాటికి 87 బిలియన్ డాలర్ల పరిశ్రమ, అందులో 50 బిలియన్ల ఎగుమతులు అన్నాయి. ఎగుమతులు 40 బిలియన్ల దగ్గర తేలాయి. తప్పెక్కడ జరిగిందో చూసుకోవాల్సింది పోయి 2009లో మళ్లీ పీటలు వేసుకుని 2020కి 225 బిలియన్లు అన్నారు. వచ్చింది 191.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 1999లో నామమాత్రంగా ఉన్న ఎగుమతులు తొమ్మిదేళ్లలో 40 బిలియన్లు కావడం తక్కువ సంగతేం కాదు. తాడేపల్లిగూడెం నుంచీ కరీంనగర్ నుంచీ వచ్చి, అమెరికా వేళలకు మేలుకుని, కళ్లు ఎర్రబడేదాకా తెరల ముందు కూర్చున్న పిల్లల కష్టం అది. దండ వాళ్ల మెడలో పడాలి. పడింది మాత్రం అంకె తప్పు చెప్పినవాళ్ల మెడలో, ఫీజుతో సహా.

నాస్కామ్‌కు ఒకసారి వైరాగ్యం కూడా కలిగింది. 2016-17కు పది నుంచి పన్నెండు శాతం వృద్ధి అని చెప్పి, నవంబర్‌లో ఎనిమిది నుంచి పదికి దించి, 2017 ఫిబ్రవరి వచ్చేసరికి పరిస్థితులు మరీ అయోమయంగా ఉన్నాయి కాబట్టి తర్వాతి ఏడాది అంచనాను మూడు నెలలు వాయిదా వేస్తున్నామంది. అన్నీ తేటతెల్లంగా ఉన్నప్పుడు జోస్యం ఎవడిక్కావాలి? అయోమయంలోనే కదా దానికి గిరాకీ. 2019లో ఏడాది అంచనా చెప్పే ఆనవాయితీనే మానేశారు. పోనీలే అని మనం ఊపిరి పీల్చుకునేలోపు 2030కి 500 బిలియన్లన్న అంకె వినపడింది. దగ్గరి కొండ ఎక్కలేనివాళ్లకు దూరపు కొండలే నునుపు.

విదేశీ జోస్యుల ఘనత వేరు. ప్రపంచ ఐటీ ఖర్చు 2025లో 9.8 శాతం పెరిగి 5.61 ట్రిలియన్ డాలర్లవుతుందని గార్ట్‌నర్ జనవరిలో చెప్పింది. జులైలో 7.9 శాతం, 5.43 ట్రిలియన్లు అంది. భారతదేశం ఏడాదంతా చెమటోడ్చి చేసే ఐటీ ఎగుమతుల్లో ముప్పావు వంతుకు మించిన సొమ్ము ఒక్క పత్రికా ప్రకటనతో ఆవిరైపోయింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

అదే సంస్థ 2022లో ఇంకో ముత్యం రాల్చింది. 2026 నాటికి ప్రతి నలుగురిలో ఒకరు రోజుకు కనీసం గంట కంప్యూటర్ సృష్టించే ఊహాలోకమైన మెటావర్స్‌లో గడుపుతారట. ఆ ఏడు రానే వచ్చింది. మీ ఇంట్లో నలుగురుంటే ఆ ఒక్కరెవరో కాస్త వెతికి చూడండి. బాత్‌రూమ్‌లో ఫోను పట్టుకుని కూర్చునే బావగారు ఈ లెక్కలోకి రారు. మెకిన్సీ అయితే ఈ మెటావర్స్ 2030కి అయిదు ట్రిలియన్ డాలర్ల దాకా విలువ సృష్టించగలదంది. మనవాళ్లు తక్కువ తిన్నారా? ఇన్ఫోసిస్ మెటావర్స్ ఫౌండ్రీ తెరిచింది, టెక్ మహీంద్రా టెక్‌ఎంవర్స్ అంది. ఏడాదిన్నర తిరక్కుండానే చాట్‌జీపీటీ గాలి వీచింది. 2023 మేలో ఇన్ఫోసిస్ టోపాజ్ పేరుతో ఏఐ దుకాణం తెరిచింది. అందరి బ్రోచర్లలోనూ కళ్లకు డబ్బా కట్టుకున్న కుర్రాడి బొమ్మ పోయి మెరిసే మెదడు బొమ్మ వచ్చింది. అయిదు ట్రిలియన్ల భవిష్యత్తు చూసిన మెకిన్సీ ఆ ఏడాదే సొంత సిబ్బందిలో సుమారు 1,400 మందిని వదిలించుకునే పనిలో పడింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. కుడితిలోంచి కూడా శకునాలు వినిపిస్తూనే ఉన్నాయి.

ఐటీ సేవల్లో ప్రతి పనికీ ఎస్‌ఎల్‌ఏ అనే సేవాస్థాయి ఒప్పందం ఒకటుంటుంది. సర్వర్ పావుగంట పడుకుంటే జరిమానా, టికెట్‌కు జవాబు ఆలస్యమైతే జరిమానా. అంచనాలు చెప్పే సేవకు మాత్రం అలాంటిదేమీ రాసుకోలేదు. అందుకని జరిమానా పడదని కాదు, పడేది వేరేవాళ్ల మీద. కరోనా తర్వాత డిమాండ్‌కు అంతు లేదు, మనుషులు దొరకడం లేదని ఊదరగొట్టి కాలేజీల మీద పడి ఆఫర్ లెటర్లు పంచారు. ఊళ్లలో స్వీట్లు పంచుకున్నారు. ఆ కాగితం చూసి అప్పులు పుట్టాయి, సంబంధాలు కుదిరాయి. తీరా చేరే తేదీ మాత్రం రాదు. నెలల తరబడి ఎదురుచూపు. 2023 ఫిబ్రవరిలో విప్రో అలా ఎదురుచూస్తున్న కొందరికి కబురు పంపింది: ఏటా ఆరున్నర లక్షలన్నాం కదా, మూడున్నరకు ఒప్పుకుంటే వెంటనే రండి. మరి ఇది కూడా గైడెన్స్ సవరణే. కాకపోతే షేరు ధర పడలేదు, ఒక ఇంట్లో కూరలో నూనె తగ్గింది.

నన్నడిగితే ఈ రంగంలో అసలు సిసలు సూచిక అమీర్‌పేటలో ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల గోడలు చూస్తే చాలు. వైటూకే రోజుల కోబాల్ మీద జావా పోస్టరు పడింది, దాని మీద శాప్, ఆపైన హడూప్, డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. అక్కడి సార్ చెప్పే అంచనాలో వెడల్పు ఉండదు. "రెండు నెలల్లో జాబ్ పక్కా తమ్ముడూ, ఫీజు మాత్రం ముందే కట్టెయ్యి." అబద్ధమే కావొచ్చు. కానీ ఆ మాట కుర్రాడి కళ్లలోకి చూసి చెబుతాడు, మళ్లీ బ్యాచ్ రాకపోతే అతని గదికీ తాళం పడుతుంది, అద్దె బాకీ అతని నెత్తినా ఉంటుంది. తాను చెప్పిన జోస్యంతో తానూ మునిగేవాడు వీళ్లందరిలో అతనొక్కడే. అతన్నే అందరూ మోసగాడంటారు. మిగతావాళ్లను సదస్సులకు పిలిచి శాలువా కప్పుతారు.

ఇక ప్రభుత్వాలు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖలో 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి ఒప్పుకుంది. పావలా 2011లోనే చెల్లకుండా పోయింది కాబట్టి 99 పైసలు ఎలా కట్టారో, చిల్లర ఎవరిచ్చారో ఆడిట్ వాళ్లకే తెలియాలి. బదులుగా చెప్పిన అంచనా 12,000 ఉద్యోగాలు. జులై వచ్చేసరికి అదే టీసీఎస్ ప్రపంచవ్యాప్తంగా రెండు శాతం సిబ్బందిని, అంటే 12,000 మందికి పైగా, తొలగిస్తున్నట్టు ప్రకటించింది. మొదటి అంకె ఎప్పటికో వచ్చేది, రెండోది ఆ ఏడాదే పోయేది. వచ్చేదీ పోయేదీ ఇంత అచ్చంగా సరిపోయిన లెక్క ఈ రంగంలో ఇంకెక్కడా చూడలేదు. వైజాగ్ బీచ్ రోడ్డులో మాత్రం రియల్ ఎస్టేట్ బోర్డులకు ఏ సవరణా లేదు.

ఈలోగా కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్‌కు మూడు నాలుగు పేర్లు పెట్టి అమ్ముతున్నాయి. ఈ ఏడాది చేరినవాడు బయటికొచ్చేది నాలుగేళ్లకు. తొమ్మిది నెలలు గడిచిన ఏడాదిని అంచనా వేయలేని లోకంలో వాడి తండ్రి నాలుగేళ్ల తర్వాతి సంగతికి ఎకరం అమ్మి పందెం కాస్తున్నాడు. బయటి దేశం ఉంది కదా అందామంటే, 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టమన్నాడు. అందాకా అమెరికా సంబంధాల గైడెన్స్ మనవైపు ఎప్పుడూ పైకే.

జోస్యులు ఇన్నేళ్లలో నేర్చుకున్న పాఠం ఒక్కటే, గడువు వీలైనంత దూరంగా పెట్టుకోవడం. 1998లో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన కొద్ది నెలలకే చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మెకిన్సీ సాయంతో విజన్ 2020 తెచ్చింది. ఐటీ ఉంది, అక్షరాస్యత ఉంది, పేదరికం పోయే దారి ఉంది. 2020 వచ్చేనాటికి ఆ రాష్ట్రం రెండై ఆరేళ్లవుతుందన్న చిన్న వివరం తప్ప అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఆ రెండు రాష్ట్రాలకూ రెండు పత్రాలు, రెండింటికీ గడువు 2047. ఆంధ్రప్రదేశ్ 2.4 ట్రిలియన్ డాలర్లంటే తెలంగాణ మూడు ట్రిలియన్లంది. అమరావతి వాళ్లు ఊరికే ఓడిపోనక్కర్లేదు, ఇంకో ట్రిలియన్ కలుపుకుంటే సరి. అచ్చు వేయించడానికి అదనంగా 99 పైసలు కూడా కావు.