వెనక చక్రాలు వంకరగా ఉంచుకొనే ఉపాయాలు

కారు కిందకి దించేశారు. శుభం. అంతర్వేది నుంచి మలికిపురం దాకా ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో ఇప్పుడు కారు పొట్టని అడిగితే చెబుతుంది. వెనక నుంచి చూస్తే రెండు చక్రాల తలలూ లోపలికి వాలి ఉన్నాయి. క్యాంబర్ పోయిందంటారు మెకానిక్కులు. దాన్ని సరిచెయ్యడానికి ఆర్ములు, బోల్టులు, బుష్షులు, షిమ్ములు అని బజార్లో బోలెడు సామాను ఉంది. వాటిని ఎలా ఎంచుకుంటే డబ్బు పూర్తిగా ఖర్చయ్యి, చక్రం ఏమాత్రం బాగుపడకుండా, ఎవరూ మిమ్మల్ని పల్లెత్తు మాట అనలేకుండా ఉంటుందో కింద చెబుతున్నాం. వరస తప్పకుండా పాటించండి.

1. ముందు సామాను కొనండి. కారు కింద ఏముందో తర్వాత చూడొచ్చు.

స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి కార్లకి వెనక ఉండేది టోర్షన్ బీమ్. అంటే రెండు చక్రాలనీ కలిపే ఇనప దూలం. కారు ఎంత దించినా అక్కడ క్యాంబర్ పెద్దగా మారదు. మార్చడానికి విడిగా ఆర్ము ఉండదు. తేడా ఉంటే హబ్బుకీ దూలానికీ మధ్య సన్నటి షిమ్ము పెట్టించుకోవాలి, అంతే. ఈ సంగతి ముందే తెలిసిందా, ఖర్చు ఆగిపోతుంది. కాబట్టి తెలిసేలోపే ఎర్ర రంగు ఆర్ముల జత ఆర్డరు పెట్టెయ్యండి. వచ్చాక అటకెక్కించండి. స్కోడా లారా, మన దేశానికి 2006లో వచ్చిన హోండా సివిక్ లాంటివి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వాటి వెనక చక్రాలు దేనికదే విడిగా ఆడతాయి గనక పాడుచేసుకోడానికి నిజంగానే ఆర్ములుంటాయి. ఇక్కణ్ణించి చెప్పేది ఎక్కువగా వాళ్లకే.

2. కొలవకండి.

తాపీమేస్త్రీ గుండు తాడు ఫెండరు మీంచి వేలాడదీసి, రిమ్ము పై అంచూ కింది అంచూ తాడుకి ఎంతెంత దూరంలో ఉన్నాయో స్కేలు పెట్టి చూసే చాదస్తులు కొందరుంటారు. 16 అంగుళాల రిమ్ముకి ఆ తేడా 7 మిల్లీమీటర్లుంటే ఇంచుమించు 1 డిగ్రీ. సమంగా ఉన్న సిమెంటు నేల దొరికితే పది నిమిషాల పని. ఇలాంటి పనుల జోలికి పోకూడదు. డిగ్రీ, డిగ్రీన్నర మాత్రమే ఉందని తేలితే అసలు ఏ సామానూ అక్కర్లేదని ఎవడో ఒకడు అంటాడు. దాని బదులు, కారు చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి "మూడు డిగ్రీలుంటాదిరా బాబూ" అని తేల్చేసే స్నేహితుణ్ణి ఒకణ్ణి పెట్టుకోండి. టీ ఖర్చుతో పోతుంది.

3. నేరమంతా క్యాంబర్ మీదకి తోసెయ్యండి. టో మాట ఎత్తకండి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది, నెమ్మదిగా చదవండి. చక్రం తల వాలడం క్యాంబర్. చక్రం ముక్కు పక్కకి తిరగడం టో. కారు దించితే రెండూ మారతాయి. వాలిన చక్రం వాలినట్టే ఉండి తిన్నగా దొర్లుతుంది. టో తప్పిన చక్రం మాత్రం రోడ్డు పొడుగునా ఓరగా ఈడ్చుకుంటూ పోతుంది. టైరుని తినేసేది ఎక్కువగా అదే. పైగా క్యాంబర్ ఆర్ము పొడవు మార్చగానే టో కూడా కదులుతుంది. అందుకే ఆర్ముతోపాటు టో సర్దుకునే ఏర్పాటు ఉందా లేదా చూసుకోవాలనీ, బిగించిన వెంటనే నాలుగు చక్రాల అలైన్‌మెంటు చేయించాలనీ తెలిసినవాళ్లు చెబుతారు. మీరు ఆర్ము బిగించి చేతులు దులుపుకోండి.

ఫలితం చూసుకోవాలంటే వెనక టైరు లోపలి అంచు మీద అరచెయ్యి పెట్టి రాయండి. ఒక వైపుకి రాస్తే నున్నగా ఉంటుంది, రెండో వైపుకి రాస్తే రంపప్పళ్లలా గీరుకుంటుంది. ఇంకొన్నాళ్లు తిరిగితే రెండు వేళ్ల వెడల్పున గళ్లన్నీ చెరిగిపోతాయి. ఆ తర్వాత గుడ్డ పొర, దాని కింద సన్నటి ఉక్కు తీగలు బయటపడతాయి. తీగ కనబడే నాటికి కూడా బయటి అంచు కొత్త టైరంత నిండుగా ఉంటుంది. ఇంట్లో నాన్నగారు చూసేది బయటి అంచే. గళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే ఆ టైరు పని అయిపోయినట్టే కదా అని ఆయన అడిగితే, స్కేలు బయటి అంచులో దింపి చూపించండి. ఆయనకి వంగి లోపలికి చూసే ఓపిక ఉండదు. మీకు కావలసిందీ అదే.

వానలో బ్రేకు కొడితే వెనక భాగం మీకంటే ముందు వెళ్లాలని చూస్తుంది. కోనసీమ రోడ్డుకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క రొయ్యల చెరువు. ఎటు దిగాలన్నది మీ ఇష్టం.

4. ఉప్పుగాలికి బొత్తిగా పనికిరాని ఆర్మే ఎంచుకోండి.

సముద్రం పక్కనే ఉంది. గాలి ఊరికే వస్తోంది, వాడుకోండి. రబ్బరు బుష్షుల ఆర్ము వద్దు. అది చప్పుడు చెయ్యకుండా ఏళ్ల తరబడి పనిచేసుకుపోతుంది, నలుగురిలో చెప్పుకోడానికి ఏమీ మిగలదు. పాలీయురేథేన్ బుష్షు కొంత మేలు, గ్రీజు పెట్టడం మానేస్తే కీచుమంటుంది. అన్నిటికన్నా గొప్పది రేసు కార్లలో వాడే లోహపు బాల్ జాయింటు. అందులోనూ రబ్బరు తొడుగు లేనిదే అడగండి. ఆదివారం సాయంత్రం అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఇసుకలోకి దింపి, చక్రాలు ఉప్పునీళ్లలో తడిపి ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో అడుగు కడగకండి. కొన్నాళ్లకే వెనకనుంచి టకటకమంటుంది. "ఏంటండీ ఆ చప్పుడు?" అంటారు. "రేసు సామానండి, అలాగే ఉంటాదండి" అనండి. ఆయ్, ఎదురు మాట్లాడేవాడుండడు.

ఆర్ము పొడవు సర్దే మరలకి యాంటీసీజ్ పేస్టు పూయకండి. అల్యూమినియం ఆర్ములో ఉక్కు బోల్టు ఉండి మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తెల్లపొడి కక్కి బోల్టుని కరుచుకుపోతుంది. మళ్లీ అలైన్‌మెంటుకి వెళ్లినప్పుడు మెకానిక్కు పానా వేసి, పైపు తొడిగి, ఊగి, చివరికి "కోసెయ్యాలండి" అంటాడు. వద్దని వచ్చెయ్యండి. ఇంక జన్మలో సర్దక్కర్లేదు.

5. కారు జాకీ మీద ఉండగానే బోల్టులన్నీ గట్టిగా బిగించెయ్యండి. చక్రాల మీద బరువు పడ్డాక, కారు ఉండాల్సిన ఎత్తులో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు బుష్షు మెలి పడకుండా ఉంటుంది. కానీ దానికి కింద దూరాలి. చొక్కా మాసిపోతుంది.

6. అలైన్‌మెంటు ముందు, స్ప్రింగులు తర్వాత.

ఎవరైనా బలవంతపెట్టి అలైన్‌మెంటు చేయిస్తే బెంగపడకండి. మర్నాడే ఇంకో చుట్టు స్ప్రింగు కోయించండి. ఎత్తు మారింది కాబట్టి నిన్నటి కొలతలన్నీ గంగలో కలిసినట్టే. ముందు ఎత్తు ఖాయం చేసుకుని, ఆ ఎత్తుకి ఎంత క్యాంబర్ తగ్గించాలో చూసి, అంత సర్దుబాటు ఉన్న ఆర్మో బోల్టో కొనుక్కునేవాడు ఒక్కసారే ఖర్చుపెడతాడు. అందులో మజా ఏముంది?

కొలిచేటప్పుడు కారు ఖాళీగా ఉండేలా కూడా చూసుకోండి. భీష్మ ఏకాదశికి అంతర్వేది స్వామివారి రథోత్సవం నాడు ఐదుగురు బంధువులు, డిక్కీలో కొబ్బరికాయల బస్తా ఎక్కాక వెనక ఇంకా కుంగుతుంది, చక్రం తల ఇంకా వాలుతుంది, టైరు ఫెండరుకి రాసుకుని కమురు వాసన వస్తుంది. వెంటనే ఆపి, "పెదనాన్నగారూ, బరువెక్కువైందండి, మీరు ఆటోలో వచ్చెయ్యండి" అని వినయంగా చెప్పండి. వచ్చే ఏడాది ఎవరూ లిఫ్టు అడగరు. దించిన కారు వల్ల కలిగే అసలు లాభం ఇది.

7. పనులు ఎగ్గొట్టడానికి కారునే చూపించండి. సఖినేటిపల్లి రేవులో నది దాటే పంటు ఎక్కేటప్పుడు అడుగు గీరుకుంటుంది కాబట్టి నరసాపురం పని మీ వల్ల కాదు. చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి వెళ్లాలి, పెట్రోలు ఎవరిస్తారని అడగండి. ఇంట్లోవాళ్లు స్కూటరు తీస్తారు.

8. చట్టం గురించి దిగులొద్దు. చట్టం ఒప్పుకోని మార్పులు బండికి చేయించిన యజమానికి 2019 సవరణ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. విడివిడిగా లెక్కగట్టి మరీ చెప్పారు, ఎంత సౌకర్యం! ఇన్సూరెన్సు కంపెనీకి మాత్రం ముందుగా ఏమీ చెప్పకండి. క్లెయిము పెట్టిన రోజున కారు కిందకి దూరి వాళ్లే చూసుకుంటారు. వాళ్లకి చొక్కా మాసినా పర్లేదు.

9. టైర్లు పోయినప్పుడల్లా తప్పు వరసగా పంచండి: మొదటి జతకి టైరు కంపెనీది, రెండో జతకి రోడ్డుది, మూడో జతకి అలైన్‌మెంటు కుర్రాడిది. నాలుగో జత నాటికి కారు అమ్మేయండి. అమ్మేటప్పుడు వెనక చక్రాలు గోడకి ఆనించి పెట్టండి. కొనేవాడు రావులపాలెం అవతలివాడైతే మరీ మంచిది.

ఇంకా ఏమైనా అనుమానాలుంటే టైర్ల షాపులో అడగండి. ఈపాటికి మీ కారు మలుపు తిరగ్గానే వాళ్లు కుర్చీ వేసి, మీ సైజు టైర్లు బయటపెట్టి ఉంచుతున్నారు.