అవతలి ఊరి రోడ్డు

ఎల్బీనగర్‌లో నిలబడి అడిగితే అది విజయవాడ రోడ్డు. అదే రోడ్డు మీద గొల్లపూడిలో నిలబడి అడిగితే హైదరాబాద్ రోడ్డు. బెజవాడలోకి రాగానే బందరు రోడ్డు. బందరువాళ్ళనడిగితే, పాపం, బెజవాడ రోడ్డు. పటాన్‌చెరు వైపు ముంబై రోడ్డు. నిజానికి అది పుణే నుంచి వస్తోంది. అయినా పుణే ఊసు ఎవరూ ఎత్తరు. తానున్న ఊరి పేరు పెట్టుకున్నవాడు దారి పొడుగునా ఒక్కడూ కనబడడు. ఇది తేలే వ్యవహారం కాదనుకున్న ప్రభుత్వం తొమ్మిదో నంబరు తగిలించింది. జనం ఆ అంకెకు అలవాటు పడ్డాక 2010లో 65 అంది. మా బాబాయి మాత్రం ఇప్పటికీ "నైన్ హైవే" అనే అంటాడు. మిగతా అంకెలన్నీ టోలు రేట్లేనని ఆయన అనుమానం.

ఒకప్పుడు ఈ దారిలో ఊళ్ళుండేవి. బస్సు సూర్యాపేట నడిబొడ్డున ఆగితే దిగి టీ తాగేవాళ్ళం. ఇప్పుడు సూర్యాపేటకు బైపాసు, కోదాడకు బైపాసు, నందిగామకు బైపాసు. ఊరి మొహం చూడకుండా దాటిపోతే అభివృద్ధి. అందుకే రెండొందల డెబ్బై కిలోమీటర్ల ప్రయాణంలో ఏమేం ఊళ్ళు తగిలాయని మా వాణ్ణి అడిగితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అన్నాడు. మూడూ టోల్ గేట్లే. కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా పనిచేసిన మునగాల కూడా దారిలోనే ఉందిరా అన్నాను. "అక్కడ ఎంత కట్టాలి?" అన్నాడు. చుట్టూ నిజాం నేల, మధ్యలో కృష్ణా జిల్లా ముక్కగా బతికిన పరగణా అది. ఆ రోజుల్లో ఫాస్టాగ్ లేదు కాబట్టి సరిపోయింది.

ఈ రోడ్డుకు టోలు కట్టనివి ఏర్లే. 2024 సెప్టెంబరులో మున్నేరు ఐతవరం దగ్గర ఎక్కేసి, రెండు రాష్ట్రాల బళ్ళనూ సమానంగా ఆపేసింది.

ఇక సంక్రాంతి. నాలుగు వరుసల రోడ్డు ఆ మూడు రోజులూ ఒక్క వరుసే: అందరూ అటే. ఆరు వరుసలు చేస్తారన్న మాట వింటూ వింటూ మా కారుకు ముసలితనం వచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసి ఇక ఆగేదే లేదన్నారు. నిజమే, డబ్బులు ఎక్కడా ఆగవు.

క్రితం భోగికి ముందురోజు అమ్మ ఫోను చేసింది.

"ఎందాకా వచ్చార్రా?"

"టోల్ గేటు దగ్గరున్నామమ్మా."

గంటన్నర తర్వాత మళ్ళీ చేసింది. "ఇప్పుడెక్కడ?"

"టోల్ గేటు దగ్గరే."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి అంది: "సరేలే. ఎవరింట్లో దిగారో, అరిసెలు పెడితే వద్దనకండి. బాగుండదు."